కిల్టు మీద టై ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: మా తమ్ముడు గ్లాస్గోలో ఎమ్మెస్సీ పూర్తి చేసి అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. అతనితో కలిసి పనిచేసే స్కాట్లాండ్ మిత్రుని పెళ్లికి పెళ్లికొడుకు పక్షం వాళ్లందరూ కిల్టులే, అంటే నడుము నుంచి మోకాళ్ల దాకా మడతలతో ఉండే స్కాట్లాండ్ మగవాళ్ల గళ్ల బట్టే, కట్టుకోవాలట. కిరాయికి తెచ్చుకున్న దుస్తులు వేసుకుని మొన్న వీడియో కాల్‌లో మాకు చూపించాడు. ప్యాంటు మీద ఎప్పుడూ సరిగ్గానే కట్టుకునే టై, కిల్టు మీద మాత్రం నడుము దాటి ముందుండే తోలుసంచి మీదికి వేలాడుతోంది. పొట్టిగా కట్టుకుంటే వెనుక ఉండవలసిన సన్న కొస కిందికి వచ్చి కనబడుతోంది. బాపు చూసి నవ్వి ఊరుకున్నాడు గానీ తమ్ముడు నిజంగానే ఇబ్బంది పడుతున్నాడు. టై ఎంత పొడవు ఉండాలి, ఎట్లా కట్టుకోవాలి? — ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: ముందుగా సూటి సమాధానం చెబుతాను. మీ తమ్ముడు వెయిస్ట్‌కోటు (చొక్కా మీద వేసుకునే చేతుల్లేని పొట్టి కోటు) లేకుండా చొక్కా, నడుముపట్టీతో కిల్టు కట్టుకుంటే, టై ముందు కొస ఆ పట్టీకుండే పెద్ద బకిల్ పై అంచును తాకి ఆగాలి. అర అంగుళం అటూ ఇటూ అయినా తప్పు లేదు. వెయిస్ట్‌కోటు వేసుకుంటే టై కొస దాని లోపలే ఉండిపోవాలి, కింది గుండీ దిగువన తొంగి చూడకూడదు. మీరు తోలుసంచి అన్నది స్పోరన్. టై దాని దాకా రావడం ఏ పద్ధతిలోనూ సరి కాదు.

ఇబ్బంది టైలో లేదు, నడుములో ఉంది. ఈ రోజుల్లో మన యువకులు ప్యాంటును బొడ్డుకు రెండు మూడు అంగుళాల కింద, తుంటి ఎముకల మీద నిలిపి వేసుకుంటారు. ఇరవై ఏళ్లుగా ఆ కొలతకే టై కట్టుకోవడం చేతులకు అలవాటైపోతుంది. కిల్టు అలా వేసుకునేది కాదు. మన పెద్దలు పంచెను బొడ్డు మీదుగా బిగించి కట్టుకున్నట్టే దానినీ సహజమైన నడుము దగ్గర, పక్కల ఉండే తోలు పట్టీలతో బిగించుకోవాలి. ఆ పట్టీలకు పైన కూడా సుమారు రెండు అంగుళాల బట్ట ఉంటుంది కాబట్టి కిల్టు పై అంచు బొడ్డును దాటి ఇంకొంచెం ఎత్తుకు వెళ్తుంది. ప్యాంటు మీద టై ఆగే చోటికీ కిల్టు మీద ఆగవలసిన చోటికీ మధ్య మూడు నుంచి నాలుగు అంగుళాల తేడా వచ్చేది ఇందువల్లనే.

అందుచేత టైని సరిదిద్దే ముందు కిల్టు సరైన చోట ఉన్నదో లేదో చూసుకోమని చెప్పండి. కింది అంచు మోకాలిచిప్ప మధ్యకు గానీ దానికి కొంచెం పైకి గానీ రావాలి. అంచు మోకాలు దాటి పిక్కల మీదికి జారిందంటే అతను దానిని జీన్సు ప్యాంటులాగా తుంటి మీద కట్టుకున్నాడని అర్థం. బయటి దేశాల నుంచి వెళ్లిన కుర్రవాళ్లు మొదటిసారి కట్టుకున్నప్పుడు చేసే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఇదే. చిత్రమేమిటంటే, అలా కిందికి కట్టుకున్నప్పుడు పాత అలవాటు ప్రకారం కట్టిన టై సరిపోయినట్టే కనిపిస్తుంది, కాబట్టి తప్పు కిల్టుదని ఎవరికీ అనుమానం రాదు.

ఇక లెక్కకు వద్దాం, ఎందుకంటే సన్న కొస ఎందుకు బయటపడుతోందన్నది లెక్క వేస్తే తప్ప తెలియదు. బజారులో దొరికే మామూలు టై మొత్తం పొడవు సుమారు 58 అంగుళాలు, అంటే 147 సెంటీమీటర్లు. మెడ చుట్టూ పదిహేను పదహారు అంగుళాలు పోతాయి, సాదా ముడికి మరో అయిదు అంగుళాలు పోతాయి. మిగిలిన ముప్ఫై ఏడు అంగుళాలను ముందు కొస, వెనుక కొస పంచుకోవాలి. మధ్యస్థమైన ఎత్తున్న మనిషికి ప్యాంటు మీదనైతే ముందుకు ఇరవై, వెనుకకు పదిహేడు వచ్చి, చిన్నది పెద్దదాని చాటున దాగుతుంది. కిల్టు కోసం ముందు కొసను మూడున్నర అంగుళాలు తగ్గిస్తే ఆ మూడున్నర ఎక్కడికీ పోదు, వెనుక కొసకే చేరుతుంది. ముందు పదహారున్నర, వెనుక ఇరవైన్నర అవుతాయి. మూడున్నర అంగుళాల సవరణతో రెండు కొసల మధ్య ఏడు అంగుళాల మార్పు వచ్చింది. మీ తమ్ముడిని ఇబ్బంది పెడుతున్నది ఈ రెట్టింపే.

ఈ మిగులును ముడిలోనే ఖర్చు చేయడం ఒక మార్గం. సాదా ముడి వేసేటప్పుడు వెడల్పు కొసను ముందు నుంచి ఒకసారి కాక రెండుసార్లు చుట్టి, ఆ తరువాత పైనుంచి తీసి దూర్చితే, ప్రిన్స్ ఆల్బర్ట్ అని పిలిచే ముడి వస్తుంది. అది అదనంగా రెండు మూడు అంగుళాలు మింగుతుంది, చూడడానికి మాత్రం కొంచెం నిండుగా ఉండే సాదా ముడిలాగే ఉంటుంది. ఫుల్ విండ్సర్ ముడి ఇంకా ఎక్కువ మింగుతుంది. పైన చెప్పిన కొలతల మనిషికి దానితో రెండు కొసలూ దాదాపు సమానమైపోతాయి. కానీ కాలరు రెక్కలు విశాలంగా విడివడి లేకపోతే ఆ లావుపాటి త్రికోణం గొంతు దగ్గర గడ్డలాగా కనిపిస్తుంది, దళసరి ఉన్ని టైకి అయితే అసలే పనికిరాదు. నా మటుకు నేను ప్రిన్స్ ఆల్బర్ట్ ముడి వేసి, ఇంకా మిగిలిన సన్న కొసను చొక్కా మూడవ, నాలుగవ గుండీల సందులోంచి లోపలికి దూర్చేయమంటాను. టై వెనుక కుట్టి ఉండే చిన్న పట్టీలోంచి కొసను దూర్చి ఇవతలికి తెచ్చిన తరువాతనే అలా చొక్కాలోకి దూర్చాలి. అప్పుడు అది పక్కకు జారదు. కిల్టు నడుములోకి మాత్రం దూర్చవద్దు. కూర్చున్నప్పుడల్లా అది ముడిని కిందికి లాగుతుంది.

పెళ్లి అన్నారు కాబట్టి కిరాయి దుస్తులలో వెయిస్ట్‌కోటు ఉండే ఉంటుంది. అది ఉంటే వెనుక కొస గురించి ఇంత ఆలోచన కూడా అక్కరలేదు. ముందు కొస లోపల దాగితే చాలు.

మరొక సంగతి, వేసుకునే వరుస. చొక్కా, మేజోళ్లు, బూట్లు ముందే వేసుకోవాలి, ఎందుకంటే కిల్టు బిగించుకున్న తరువాత బూట్ల లేసులు కట్టుకోవడానికి వంగడం కష్టం. ఆ తరువాత కిల్టు, స్పోరన్, నడుముపట్టీ. టై వీటన్నిటి తరువాతే కట్టుకోవాలి, అప్పుడే అది ఎక్కడ ఆగాలో కంటికి కనిపిస్తుంది. కొలత చూసుకునేటప్పుడు తల వంచి కిందికి చూడకూడదు. వంగితే ఛాతీ కుదించుకుపోయి టై ఒక అంగుళం పైగా కిందికి దిగినట్టు తోస్తుంది. అద్దం ముందు నిటారుగా, చేతులు వదిలి నిలబడి చూసుకోవాలి.

ప్రశ్న: నేను దర్జీని. విదేశం వెళ్లే అబ్బాయి ఒకతను కిల్టు మీదికని చెప్పి పట్టు టై ఇచ్చి, నాలుగు అంగుళాలు తగ్గించమన్నాడు. ప్యాంట్లు, అంగీలు ఎన్ని సవరించినా టైని ఎన్నడూ విప్పలేదు. ఎక్కడ కత్తిరించాలి? — ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: సన్న కొస దగ్గరే కత్తిరించాలి. వెడల్పు కొస జోలికి వెళ్తే టై ఆకారమే చెడుతుంది. మెడ భాగంలో అతుకు దగ్గర తగ్గించాలంటే వంపు, అస్తరు రెండూ మళ్లీ కలపవలసి వస్తుంది, అది టైలు కుట్టే అలవాటున్న చేతికి మాత్రమే వచ్చే పని.

విప్పే ముందు టై కట్టుబడి తెలుసుకోండి. పై బట్ట ఒకే ముక్క కాదు, సాధారణంగా మూడు ముక్కలు. వాటిని నిలువు పోగు వెంట కాకుండా నలభై అయిదు డిగ్రీల ఏటవాలుగా కోస్తారు. అందుకే టై కొంచెం సాగి, ముడి విప్పగానే మళ్లీ తన రూపానికి వస్తుంది. లోపల దళసరి అస్తరు ఉంటుంది. వెనుక రెండు అంచులనూ కలిపేది పొడవునా పోయే ఒకే వదులు దారం. టై సాగినప్పుడు తెగకుండా ఉండేందుకు దానిని కావాలనే వదులుగా వేస్తారు. కొసల దగ్గర కనిపించే దారపు ఉచ్చు ఆ వదులు కోసమే విడిచినది కాబట్టి దానిని తెంచవద్దు, బిగించవద్దు. సన్న కొస వైపు అడ్డకుట్టును విప్పి, పొడవు దారాన్ని మీకు కావలసినంత వరకే వెనక్కు తీసి, అక్కడ ఒక ముడి వేసి ఆపండి. పై బట్టను కొత్త కొస కంటే ముప్పావు అంగుళం ఎక్కువ ఉంచి కోయండి, అస్తరును కొత్త కొస వరకే కోయండి. పాత కొస ఆకారం చూసి అదే కోణంలో మడిచి, చేతికుట్టు వేసి, అడ్డకుట్టు మళ్లీ పెట్టండి. ఇస్త్రీ చేసేటప్పుడు పైన పల్చటి బట్ట వేసి ఆవిరి మాత్రం పట్టించండి. అంచులను పలకలాగా నొక్కితే టై ప్రాణం పోతుంది.

ఎంత తగ్గించాలన్నది అబ్బాయి చెప్పిన అంకెను బట్టి కాదు, అతని ఒంటి మీద టేపు పెట్టి తేల్చండి. కాలరు గుండీ నుంచి బొడ్డుకు రెండు వేళ్ల పై దాకా కొలవండి, ముందు కొసకు కావలసిన పొడవు అదే. వెనుక కొస దానికి రెండు అంగుళాలు తక్కువ ఉండాలి. మెడ చుట్టుకొలతనూ సాదా ముడికి అయిదు అంగుళాలనూ వీటికి కలపండి. అయిదున్నర అడుగుల మనిషికి మొత్తం 52 అంగుళాల దగ్గర తేలుతుంది. అంటే అబ్బాయి ఎత్తు అదే అయి, టై మామూలు 58 అంగుళాలదైతే, అతను అడిగిన నాలుగు కాదు, ఆరు తగ్గించాలి. నాలుగే తగ్గిస్తే రెండు కొసలూ సమానమై, కదిలినప్పుడల్లా వెనుకది కనిపిస్తుంది. అయితే 52 అంగుళాల టై ఆ తరువాత ప్యాంటు మీదికి పనికిరాదు. ఈ మాట కత్తెర పట్టకముందే అతనికి చెప్పండి.

ప్రశ్న: 1950ల నాటి మా నాన్నగారి టై ఒకటి ట్రంకు పెట్టెలో ఉంది. నాకు ప్యాంటు మీద కడితే పొట్ట మధ్యలోనే ఆగిపోతోంది. ఎడిన్‌బరాలో ఉన్న మా అబ్బాయి కిల్టు మీదికి పంపవచ్చునా? — ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: నిస్సందేహంగా పంపవచ్చు. ఆ తరం ప్యాంట్లు బొడ్డు మీదికి ఉండేవి, వాటి మీదికి కుట్టిన టైలు ఇప్పటివాటి కంటే పొట్టిగా ఉండేవి. తరువాతి దశాబ్దాలలో ప్యాంటు నడుము కిందికి దిగుతూ వచ్చింది, టై దాని వెంట సాగింది. కిల్టు నడుము మాత్రం దిగలేదు. మీ ప్యాంటుకు పొట్టి అనిపించినదే మీ అబ్బాయి కిల్టుకు అతికినట్టు సరిపోతుంది, వెనుక కొసను ఎక్కడ దాచాలన్న బాధా ఉండదు.

కిల్టు మీద పొడవాటి టై అనేది ఏదో వందల ఏళ్ల సంప్రదాయమని కొందరు భావిస్తారు. కిల్టు వంటి స్కాట్లాండ్ కొండప్రాంతపు దుస్తులను బ్రిటిష్ ప్రభుత్వం 1746లో చట్టం చేసి నిషేధించినప్పుడు గానీ, 1782లో ఆ చట్టాన్ని రద్దు చేసినప్పుడు గానీ ఇప్పటి రకం టై పుట్టనే లేదు. అది పందొమ్మిదవ శతాబ్దం రెండవ సగంలో వాడుకలోకి వచ్చినది. కాబట్టి పాత టై వేసుకోవడంలో శాస్త్ర విరుద్ధమైనదేమీ లేదు. పంపే ముందు మడతల దగ్గర పట్టు చిట్లిందేమో వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. చిట్లి ఉంటే ముడి వేయగానే అక్కడే చిరుగుతుంది.

ప్రశ్న: స్కాట్లాండ్‌లో స్థిరపడిన మా మేనల్లుడు తన వివాహ విందుకు కిల్టు వేసుకుంటున్నాడు. మన నేతపని బట్టతో టై కుట్టించి కానుకగా ఇవ్వాలని ఉంది. పోచంపల్లి పట్టా, నారాయణపేట గళ్ల బట్టా, ఏది మంచిది? పొడవు ఎంత చెప్పాలి? — ఒక పాఠకురాలు, భువనగిరి

జవాబు: నారాయణపేట గళ్లు చీర మీద ఎంత అందమైనవైనా ఈ పనికి వద్దంటాను. కిల్టు బట్ట టార్టన్ అంటేనే గళ్లు. రెండు వేరు వేరు గళ్లు పక్కపక్కన నిలిస్తే చూసేవారి కన్ను ఒక చోట నిలవదు. టార్టన్ మీదికి ఒకే రంగు టై గానీ, చాలా సన్నని అల్లిక గల టై గానీ నప్పుతుంది. ఆ టార్టన్‌లో సన్న గీతగా మాత్రమే కనిపించే రంగును ఎంచుకుని టైకి వాడితే రెండూ కలిసిపోతాయి. మేనల్లుడిని తన కిల్టు ఫోటో పగటి వెలుతురులో తీసి పంపమనండి. ఏటవాలు చారలు కూడా వద్దు. బ్రిటన్‌లో చారల టై చాలాసార్లు ఒక సైనిక పటాలానికో పాఠశాలకో క్లబ్బుకో గుర్తు, తెలియక వేసుకుంటే మీరు ఎప్పుడు అందులో ఉన్నారని అడిగేవారు ఎదురవుతారు.

పోచంపల్లి ఇక్కత్తుకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కనుక కానుకగా దానికొక విలువ ఉంది, నేను దాని వైపే మొగ్గుతాను. అయితే నేయక ముందే నూలుకు కట్లు కట్టి రంగు వేయడం వల్ల వచ్చే ఆ నమూనాలు నిలువు, అడ్డం పోగుల వరుసను బట్టి అమరుతాయి. టై బట్టను ఏటవాలుగా కోస్తారు కాబట్టి బట్ట మీద చతురస్రంగా ఉన్న బొమ్మ టై మీద వజ్రాకారంలో తిరిగి కనబడుతుంది. పెద్ద బొమ్మ అయితే సగం ముడిలో చిక్కి సగం కొసలో తెగిపోతుంది. అందుచేత చిన్న చిన్న చుక్కల నమూనా గానీ, అంచుకు దూరంగా ఒకే రంగులో ఉండే భాగం గానీ ఎంచుకోండి. బట్ట కలిసివస్తుందని దర్జీ నిలువుగా కోస్తానంటే ఒప్పుకోవద్దు, నాలుగు సార్లు కట్టేసరికి ఆ టై మెలి తిరిగిపోతుంది.

పొడవు సంగతికి వస్తే, మేనల్లుడు అయిదున్నర అడుగుల వాడైతే 52, అయిదడుగుల పది అంగుళాలైతే 54 లేదా 55 అంగుళాలు చెప్పండి. ఆరడుగులు దాటినవాడైతే బజారు కొలతే కిల్టుకు సరిపోతుంది. ఈ విషయంలో పొడగరులు అదృష్టవంతులు. వెడల్పు మూడు, మూడుంబావు అంగుళాలు చాలు.

ప్రశ్న: రాత్రి విందుకు కిల్టు మీదికి ప్రిన్స్ చార్లీ అనే పొట్టి కోటు ఇచ్చారు, మెడకు పొడవు టై కట్టుకోవచ్చా? — ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: కట్టుకోకపోవడమే మంచిది. ఆ కోటుతో వచ్చే మూడు గుండీల వెయిస్ట్‌కోటు ఛాతీ దగ్గర బాగా కిందికి తెరిచి ఉంటుంది, అది బో టై కోసం కుట్టినది. కిరాయి దుకాణాలు దానితో పొడవు టై ఇస్తున్నాయి, పెళ్లి ఫోటోలలో అది విరివిగా కనిపిస్తోంది కూడా. నాకు మాత్రం అది సగంలో వదిలేసిన అలంకరణలాగా తోస్తుంది. పొడవు టైయే ఇష్టమైతే ఆర్గైల్ జాకెట్టు, అయిదు గుండీల వెయిస్ట్‌కోటు అడగండి. వెయిస్ట్‌కోటు వేసుకున్నప్పుడు వెడల్పాటి నడుముపట్టీ పెట్టుకోవడం పాత పద్ధతి కాదు. ఆ బకిల్ లోపలి నుంచి ఉబ్బి వెయిస్ట్‌కోటును పైకెత్తుతుంది, దాగవలసిన టై కొస అప్పుడే బయటపడుతుంది.

ప్రశ్న: నాకు బొజ్జ ఉంది. ప్యాంటు దాని కిందనే కట్టుకుంటాను. కిల్టు, టై సంగతి ఎలా? — ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: కిల్టును బొజ్జ కింద కట్టుకుంటే ముందు అంచు కిందికి, వెనుక అంచు పైకి వెళ్లి ఒరిగిపోతుంది. బొజ్జ మీదుగా, బొడ్డు ఎత్తులోనే బిగించుకోవాలి, కొలత ఇచ్చేటప్పుడు కూడా ప్యాంటు సైజు చెప్పకుండా బొడ్డు చుట్టూ టేపు పెట్టి చెప్పాలి. టై వంపు మీదుగా దిగుతుంది కాబట్టి మీ ఎత్తున్న సన్నటి మనిషి కంటే మీకు ఒక అంగుళం ఎక్కువ పడుతుంది, పైగా మెడ కూడా దానికి తగినట్టే లావుగా ఉంటుంది. ఇవి రెండూ కలిసి అదనపు పొడవును తినేస్తాయి గనుక, సన్న కొస బయటపడే బాధ మీకు ఇతరుల కంటే తక్కువే.

ప్రశ్న: పెళ్లిలో కేలీ అనే స్కాట్లాండ్ సామూహిక నృత్యం ఉంటుందట. టై ఎగరకుండా పిన్ను పెట్టుకోవాలా? — ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: వెయిస్ట్‌కోటు ఉంటే అక్కరలేదు. చాలామంది నృత్యానికి ముందు జాకెట్టు తీసేసి వెయిస్ట్‌కోటు ఉంచుకునేది కూడా అందుకే. అది లేకపోతే టై క్లిప్పు పెట్టుకోండి. గుచ్చే పిన్ను పట్టును పాడుచేస్తుంది. క్లిప్పును చొక్కా మూడవ, నాలుగవ గుండీల మధ్య, టై రెండు కొసలతో పాటు చొక్కా గుండీల పట్టీ కూడా పట్టుబడేలా అడ్డంగా పెట్టాలి. టైకి మాత్రమే పెడితే అది టైతో కలిసి ఎగురుతుంది. పెట్టిన తరువాత టైని క్లిప్పుకు పైన కొద్దిగా వదులు చేయండి, లేకపోతే చేతులెత్తి తిరిగినప్పుడు ముడి బిగుసుకుంటుంది. అలా వదులు చేసినప్పుడు కొస అర అంగుళం పైకి వెళ్తుంది కాబట్టి, క్లిప్పు పెట్టుకునే రోజున టైని బకిల్ పై అంచుకు కాక అర అంగుళం దిగువకు వచ్చేలా కట్టుకోండి.